లండన్‌లో చైనా కళను చూడడం, వినడం ఎలా: ఒక్క కూజా దగ్గర మొదలుపెట్టండి

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే లండన్ వచ్చిన మనవాళ్ళలో చాలామంది అదే చేస్తారు. వచ్చిన మొదటి చలికాలంలో ఒక శనివారం పొద్దున పదింటికి బ్రిటిష్ మ్యూజియంలో అడుగుపెట్టి, సాయంత్రం అయిదింటికి తలుపులు మూసేదాకా తిరిగాను. మమ్మీలు, గ్రీకు విగ్రహాలు, చైనా గుర్రాలు, మన అమరావతి రాళ్ళు, గడియారాలు, అన్నీ ఒకే రోజు. రాత్రి అమ్మ ఫోన్ చేసి "ఏం చూశావే" అని అడిగితే "చాలా చూశానమ్మా" అన్నాను తప్ప, ఒక్క వస్తువు గురించి కూడా రెండు మాటలు చెప్పలేకపోయాను.

తర్వాత కొన్నాళ్ళకి ఆఫీసు అయిపోయాక ఒక సాయంత్రం ఉచిత ఉపన్యాసానికి వెళ్ళాను. ఒకే ఒక్క జత పింగాణీ కూజాల గురించి గంటసేపు మాట్లాడారు. ఆ శుక్రవారం వెళ్ళి ఆ కూజాల ముందు నిలబడితే, అవి నాకు బాగా తెలిసినవాళ్ళ ఇంట్లో వస్తువుల్లా కనిపించాయి. నా పద్ధతి అక్కడే మొదలైంది. చైనీస్ భాష రాకపోయినా, కళ గురించి ఎక్కడా చదువుకోకపోయినా ఇలా చేయొచ్చు. నాకూ ఆ భాష రాదు.

ఒక్కటే ముందుగా చెప్తాను. బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, బ్రిటిష్ లైబ్రరీ, ఈ మూడింట్లోనూ శాశ్వత గ్యాలరీలు ఉచితం. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్ ఉంటుంది. కాబట్టి ఒక్క రోజులో అంతా చూసేయాలన్న టెన్షన్ అక్కర్లేదు, నలభై నిమిషాలు చూసి వచ్చేసినా నష్టం లేదు.

మట్టితో మొదలుపెట్టండి, బొమ్మలతో కాదు

చైనా కళ అనగానే కొండలు, పొగమంచు, వెదురు ఉన్న పెయింటింగులు గుర్తొస్తాయి. వాటితో మొదలుపెడితే నిరాశపడతారు. పట్టు మీద, కాగితం మీద వేసిన బొమ్మలు వెలుతురుకి పాడవుతాయి, అందుకని మ్యూజియంలు వాటిని ఏడాదిలో కొన్ని వారాలే బయట పెట్టి మళ్ళీ చీకటి గదిలోకి పంపేస్తాయి. మీరు వెళ్ళిన రోజు ఆ బొమ్మ అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు. పింగాణీకి ఆ బెడద లేదు. బట్టీలో 1,300 డిగ్రీల దాకా కాలి వచ్చిన వస్తువుని గ్యాలరీ దీపాలు ఏం చేస్తాయి? ఈ వారం చూసింది వచ్చే ఏడాదీ అదే అద్దాల బీరువాలో ఉంటుంది, మళ్ళీ మళ్ళీ వెళ్ళి పలకరించొచ్చు.

ఇంట్లోనే చేసుకోవాల్సిన చిన్న హోంవర్క్

అక్కడి లేబుళ్ళ మీద హాన్, టాంగ్, సాంగ్, యువాన్, మింగ్, చింగ్ అని రాజవంశాల పేర్లు ఉంటాయి. వీటిని ఇంగ్లీషు పుస్తకంలో తేదీల్లా బట్టీ పడితే వారంలో మర్చిపోతారు. నేను మన చరిత్ర పక్కన పెట్టుకుని గుర్తుపెట్టుకున్నాను. హాన్ అంటే మన శాతవాహనుల రోజులు. టాంగ్ 618 నుంచి 907 దాకా, అంటే వేంగిలో తూర్పు చాళుక్యులు పాలన మొదలుపెట్టింది ఆ కాలంలోనే. సాంగ్ 960 నుంచి 1279 దాకా, చివరి భాగం మన కాకతీయులతో కలుస్తుంది. రుద్రమదేవి ఓరుగల్లు ఏలుతున్నప్పుడు అక్కడ కుబ్లాయ్ ఖాన్ యువాన్ వంశాన్ని నిలబెట్టాడు, ఆ కుబ్లాయ్ కొలువులో ఉండి వచ్చిన మార్కో పోలోనే మన మోటుపల్లి గురించి, అక్కడి రాణి గురించి రాశాడు. మింగ్ 1368లో మొదలైంది, శ్రీకృష్ణదేవరాయలు వాళ్ళ మధ్యలో వస్తాడు. చింగ్ 1644 నుంచి 1911 దాకా, అంటే గోల్కొండ పతనం, నిజాములు, ఇంగ్లీషువాళ్ళు అందరూ ఆ కాలంలోనే.

ఈ జాబితా ఒక కాగితం మీద రాసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. "యువాన్, 1351" అని లేబుల్ మీద కనిపించగానే ఎర్రాప్రగడ, అద్దంకి రెడ్డిరాజులు, అప్పుడే పుట్టిన విజయనగరం గుర్తొస్తే ఆ వస్తువు గాల్లో వేలాడకుండా ఒక చోట కూర్చుంటుంది. చైనా మనకి కొత్త కూడా కాదు. చీని చీనాంబరాలు అని మన నోట్లో ఎప్పటినుంచో నలుగుతున్న మాటే. గణపతిదేవుడి మోటుపల్లి శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల్లో చైనా కర్పూరం ఉంది.

పేర్లు పలకడం ఇంకో చిక్కు. చైనా పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు, దాన్ని ఇంగ్లీషులా చదివితే అంతా తప్పే. ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. క్యూ అక్షరం కనిపిస్తే మన 'ఛ' అనుకోండి, అందుకే చింగ్ వంశం పేరు 'ఛింగ్'కి దగ్గరగా పలుకుతుంది. ఎక్స్ అంటే దాదాపు 'శ'. జెడ్ అంటే మనం 'చాప', 'చాలు' అన్నప్పుడు పళ్ళ దగ్గర పలికే చ. ఇంగ్లీషువాళ్ళు అది పలకడానికి అవస్థ పడతారు, మనకి అమ్మ ఒడిలో వచ్చింది. సి అక్షరం కూడా అదే చ, కాస్త ఊపిరి వదులుతూ. స్కూల్లో మనం హ్యుయన్‌త్సాంగ్ అని చదువుకున్న యాత్రికుడి పేరు మ్యూజియం లేబుల్ మీద ఎక్స్ అక్షరంతో మొదలవుతుంది, చూసి ఇంకెవరో అనుకోకండి.

మొదటిసారి: శుక్రవారం సాయంత్రం వెళ్ళండి

బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాల్లో రాత్రి 8:30 దాకా తెరిచి ఉంటుంది. ఆరు దాటాక స్కూలు పిల్లల గుంపులు, టూరిస్టు బస్సులు ఉండవు. ఉచిత టికెట్ ఆన్‌లైన్లో ముందే తీసుకోండి. అందరూ గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ వైపు పెద్ద గేటు దగ్గర క్యూ కడతారు. మీరు వెనక వైపు మోంటేగ్యూ ప్లేస్ ద్వారం నుంచి వెళ్ళండి, చైనా గదులు అటువైపే. రస్సెల్ స్క్వేర్ స్టేషన్‌లో దిగితే నడక తక్కువ. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా సూట్‌కేసుతో వెళ్ళకండి, లోపలికి రానివ్వరు.

ముందు 95వ గదికి వెళ్ళండి. సర్ పెర్సివల్ డేవిడ్ సేకరించిన దాదాపు 1,700 చైనా పింగాణీ వస్తువులు ఆ ఒక్క గదిలో ఉన్నాయి. ఈయన 1892లో మన బొంబాయిలో పుట్టినవాడే. ఈ సేకరణ 2009 నుంచి మ్యూజియంలో అప్పు మీద ఉండేది, 2024లో దాన్ని శాశ్వతంగా ఇచ్చేస్తున్నట్టు ప్రకటించారు, విలువ దాదాపు 100 కోట్ల పౌండ్లు అన్నారు. గదిలోకి అడుగుపెట్టగానే కళ్ళు తిరుగుతాయి, నేల నుంచి పైదాకా అద్దాల వెనక గిన్నెలే గిన్నెలు. అన్నీ చూడాలన్న కోరికని ఆపుకోండి. నీలం, తెలుపు రంగుల్లో దాదాపు 63 సెంటీమీటర్ల ఎత్తున్న రెండు ఫ్లవర్ వాజ్‌లు వెతకండి. వీటినే డేవిడ్ వాజ్‌లు అంటారు. ఆ సాయంత్రం మీ పని వీటితోనే.

ఒక వస్తువుని ఎలా చదవాలి

ముందు లేబుల్ చదవకండి. అయిదు నిమిషాలు ఊరికే చూడండి, పైనుంచి కిందికి, వరసలవారీగా. మెడకి రెండు వైపులా ఏనుగు తలల పిడులు ఉంటాయి. అరటాకుల్లాంటి ఆకులు నిలువుగా లేచి ఉంటాయి, వాటి కింద గాలిలో తేలే ఫీనిక్స్ పక్షులు, అప్పుడు తామరతీగ, ఆ కింద కూజా పొట్ట చుట్టూ మేఘాల మధ్య తిరిగే డ్రాగన్, ఆ తర్వాత సముద్రపు అలలు. మన దేవాలయం అధిష్ఠానం మీద ఒక వరస ఏనుగులు, ఒక వరస హంసలు, ఒక వరస తీగలు చెక్కినట్టే ఇక్కడ కుంచెతో గీశారు. ఒక్కో వరస దగ్గర ఆగండి. గీత ఎక్కడ సన్నబడింది, రంగు ఎక్కడ చిక్కబడి నల్లచుక్కలా మిగిలింది, అవి చూడండి.

ఇప్పుడు మెడ దగ్గర ఆకుల మధ్య ఉన్న అక్షరాలు చూడండి. వీటివల్లే ఈ జత ప్రపంచమంతా ప్రసిద్ధికెక్కింది. యుషాన్ జిల్లాలో ఒక పల్లెటూరి మనిషి, జాంగ్ వెన్‌జిన్ అనే అతను, ఒక ధూపపాత్రనీ ఈ రెండు పూలకూజాలనీ గుడికి సమర్పిస్తూ, తన కుటుంబమంతా చల్లగా ఉండాలని, కొడుకులూ కూతుళ్ళూ క్షేమంగా ఉండాలని కోరుకుంటూ రాయించుకున్న మాటలు అవి. ఊరు, పేరు, దేవుడు, తేదీ అన్నీ ఉన్నాయి. యువాన్ వంశపు జిజెంగ్ పాలనాకాలంలో 11వ ఏడు, నాలుగో నెల, మంచిరోజు. మన లెక్కలో 1351. మన గుళ్ళో ఫ్యాను రెక్కల మీద, గంట మీద, స్టీలు బిందె మీద దాత పేరు, ఊరు, గోత్రం రాయించుకోమూ? ఇదీ అంతే. ఈ సంగతి తెలిసిన సాయంత్రం నేను ఆ అద్దం ముందు చాలాసేపు కదల్లేకపోయాను. అప్పటిదాకా చైనా కళ అంటే చక్రవర్తులది, మనకి అందనిది అనుకున్నాను. పిల్లలు బాగుండాలని మొక్కుకున్న ఒక తండ్రి పేరు అక్కడ కనిపించింది.

పండితులకి ఈ రాత ఇంకో రకంగా విలువైనది. నీలం తెలుపు పింగాణీ బాగా ముదిరింది మింగ్ కాలంలోనే అని చాలామంది అనుకునేవారు. తేదీతో సహా ఈ జత దొరికాక, 1351 నాటికే చైనాలో పింగాణీకి పేరుపడ్డ ఊరు జింగ్‌దెజెన్ కుమ్మరులు ఈ పనిలో ఎంత ఆరితేరారో రుజువైంది, మిగతా యువాన్ కూజాల వయసు తేల్చడానికి ఇదే కొలబద్ద అయింది. ఆ నీలం కోబాల్ట్ ఇరాన్ వైపు నుంచి వచ్చింది. పచ్చి పాత్ర మీద దానితో గీసి, పైన పారదర్శకమైన గ్లేజ్, అంటే కాలాక గాజులా మారే పూత, పోసి, ఒకేసారి కాలుస్తారు. గీత గాజు కింద ఉండిపోతుంది కాబట్టి దాదాపు 700 ఏళ్ళయినా చెరగలేదు.

అప్పుడు లేబుల్ చదవండి. మీరు చూసినవి ఎన్ని అందులో ఉన్నాయో, ఎన్ని మీకే కనిపించాయో పోల్చుకోండి. టైం మిగిలితే అదే గదిలో రెండు చిన్న వస్తువులు వెతకండి: కోడిపుంజు, పెట్ట, పిల్లలు ఉన్న, మింగ్ చక్రవర్తి చెంఘ్వా కాలపు చిన్న కప్పు ఒకటి, రూ అనే లేత నీలి ఆకుపచ్చ పాత్ర ఒకటి. అలాంటి కోడి కప్పే 2014లో హాంకాంగ్ వేలంలో 28 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది. రూ పాత్రలు ప్రపంచం మొత్తంలో వందకు లోపే మిగిలాయి, ఎలాంటి బొమ్మా లేకుండా రంగుతోనే నిలబడతాయి. నాకు కోడి కప్పు కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

రెండోసారి: 33వ గది, చివరిదాకా

ఇంకో శుక్రవారం 33వ గదికి వెళ్ళండి. ఒక చివర చైనా, ఇంకో చివర దక్షిణాసియా ఉన్న పొడవాటి హాలు ఇది. చైనా వైపు 728లో చనిపోయిన లియు తింగ్‌షున్ అనే సేనాని సమాధిలో పెట్టిన మట్టి బొమ్మలు వరసగా నిలబడి ఉంటాయి: అధికారులు, కాపలా వీరులు, గుర్రాలు, ఒంటెలు, కొన్ని దాదాపు మీటరు ఎత్తు. ఆకుపచ్చ, తేనెరంగు, తెలుపు గ్లేజులు ఒకదానిలోకి ఒకటి కారిపోయి ఉంటాయి. మనుషుల ముఖాలు గమనించండి, అక్కడ గ్లేజ్ ఉండదు. గ్లేజ్ కారితే కళ్ళూ ముక్కూ చెదిరిపోతాయి కదా, అందుకని ముఖాలని కాల్చాక రంగుతో విడిగా వేసేవారు. పిల్లలతో వెళ్తే ఇక్కడికే తీసుకెళ్ళండి, ఒంటెల దగ్గర నుంచి వాళ్ళు కదలరు.

తర్వాత ఆ హాలు పొడవునా నడవండి. చివర 33ఏ అని ఒక గది, అందులో మన అమరావతి స్తూపం పలకలు. పలనాటి సున్నపురాయి, కృష్ణ ఒడ్డు శిల్పుల చేతిపని. ఆ గది ఎప్పుడు తెరిచి ఉంటుందో వెళ్ళే ముందు వెబ్‌సైట్లో చూసుకోండి. టాంగ్ బొమ్మలు చూసి వెంటనే ఇక్కడికి రావడానికి ఒక కారణం ఉంది. హ్యుయన్‌త్సాంగ్ టాంగ్ కాలపు భిక్షువు, ఏడో శతాబ్దంలో ధాన్యకటకానికి వచ్చి అక్కడి ఆరామాల గురించి రాసుకున్నాడు. మన నాగార్జునుడిని చైనావాళ్ళు 'లుంగ్ షు' అంటారు, డ్రాగన్ చెట్టు అని అర్థం, ఎందుకంటే మన 'నాగ' అన్న మాటకి వాళ్ళ అనువాదకులు డ్రాగన్ అన్న మాట వాడారు. ఈ రెండు దేశాల మధ్య ఎంత రాకపోకలు జరిగాయో ఈ హాలులో కాళ్ళతో కొలుచుకోవచ్చు. ఈ వస్తువులన్నీ ఇక్కడికి ఎలా వచ్చాయన్న ప్రశ్న కూడా ఈ గదిలోనే గుచ్చుకుంటుంది. ఆ బాధని పక్కన పెట్టేయమని నేను చెప్పను, దాన్ని కూడా చూడడంలో భాగం చేసుకోండి.

చుట్టచుట్టిన బొమ్మలు ఎలా చూడాలి

పింగాణీకి కళ్ళు అలవాటయ్యాక పెయింటింగుల జోలికి వెళ్ళండి. బ్రిటిష్ మ్యూజియంలో అతి విలువైన చైనా పెయింటింగ్, గు కాయ్‌జీ అనే పాతకాలపు చిత్రకారుడి పేరు మీద ఉన్న ఒక పొడవాటి పట్టుచుట్ట, రాజభవనంలోని ఆడవాళ్ళకి బుద్ధులు చెప్పే బొమ్మల వరస. 91ఏ గదిలో ఏడాదికి కొన్ని వారాలే పెడతారు, తేదీలు వెబ్‌సైట్లో ఉంటాయి, వాటిని ఇప్పుడే కేలండర్‌లో వేసుకోండి. చక్రవర్తి మీదికి వస్తున్న ఎలుగుబంటికి ఒక స్త్రీ అడ్డంగా నిలబడే దృశ్యం ఇందులో ఉంది.

ఇలాంటి చుట్టలని గోడకి వేలాడదీసిన ఫొటోలా ఒక్క చూపులో చూడకూడదు. చేర్యాల నకాషి పటం చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కథకుడు పటాన్ని విప్పుతూ ఒక్కో ఘట్టం చూపిస్తాడు కదా, ఇది కూడా అంతే, కాకపోతే పైనుంచి కిందికి కాదు, కుడి నుంచి ఎడమకి, ఒక మూర విప్పి చూసి, అది చుట్టేసి, ఇంకో మూర. కాబట్టి గాజుపెట్టె కుడి చివరికి వెళ్ళి నిలబడండి, అక్కడి నుంచి మెల్లగా ఎడమకి నడవండి. మధ్యమధ్యలో ఎర్రటి ముద్రలు కనిపిస్తాయి. అవి చిత్రకారుడివే కానక్కర్లేదు, శతాబ్దాలుగా ఆ బొమ్మ ఎవరెవరి చేతుల్లోకి వెళ్ళిందో వాళ్ళందరివి. చింగ్ వంశపు చియాన్‌లుంగ్ చక్రవర్తి తన ముద్రలు బాగా ధారాళంగా వేశాడు. చివరి మనిషి మాత్రం ముద్ర వేయలేదు: 1900లో చైనాలో విదేశీయుల మీద జరిగిన బాక్సర్ తిరుగుబాటు యుద్ధం తర్వాత ఒక బ్రిటిష్ సైనికాధికారి దీన్ని తెచ్చి 1903లో మ్యూజియానికి 25 పౌండ్లకి అమ్మాడు.

బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న వజ్రసూత్రం అనే బౌద్ధ గ్రంథం కూడా ఇలాంటి చుట్టే, ఇది మాత్రం అచ్చు వేసినది. 868లో వాంగ్ జియె అనే అతను తన తల్లిదండ్రుల పేరు మీద అందరికీ ఉచితంగా పంచడానికి అచ్చు వేయించాడని చివర రాసి ఉంది. తేదీ ఉన్న అచ్చు పుస్తకాల్లో ఇప్పటికి దొరికినవాటిలో నిండుగా ఉన్న అతి పాతది ఇదే. ఎప్పుడూ ప్రదర్శనలో ఉండదు కాబట్టి ముందు కనుక్కుని వెళ్ళండి. లేకపోతే అంతర్జాతీయ దున్‌హువాంగ్ ప్రోగ్రామ్ వెబ్‌సైట్లో మొత్తం ఫొటోలు ఉన్నాయి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని కూడా చూడొచ్చు. మళ్ళీ అదే సంగతి చూశారా, అక్కడ పిల్లల కోసం ఒక తండ్రి, ఇక్కడ తల్లిదండ్రుల కోసం ఒక కొడుకు.

ఉపన్యాసాలు ఎలా పట్టుకోవాలి, ఎలా వినాలి

బ్రిటిష్ మ్యూజియం నుంచి నాలుగడుగులు వేస్తే సోయాస్ వస్తుంది, ఆసియా, ఆఫ్రికా చదువులకి పేరున్న యూనివర్సిటీ కాలేజీ. అక్కడ సాయంత్రాలు బయటివాళ్ళకి కూడా ఉచిత ఉపన్యాసాలు ఉంటాయి, పక్కనే బ్రూనై గ్యాలరీలో ఉచిత ప్రదర్శనలు. యూస్టన్ దగ్గర 1823లో పుట్టిన రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఉంది, అక్కడ ఉపన్యాసాలకి సభ్యత్వం అక్కర్లేదు. బ్రిటిష్ మ్యూజియంలో గ్యాలరీలోనే నిలబడి చెప్పే ఉచిత టాక్‌లు, వాలంటీర్ల ఉచిత టూర్లు ఉంటాయి. అన్నిటి న్యూస్‌లెటర్లకీ ఒక ఆదివారం కూర్చుని ఈమెయిల్ ఇచ్చేయండి, తర్వాత వెతుక్కునే పని ఉండదు. సీటు బుక్ చేసుకుని వెళ్ళలేకపోతే తప్పకుండా క్యాన్సిల్ చేయండి. ఉచితమే కదా అని వదిలేస్తే ఇంకొకరికి సీటు పోతుంది.

ఏది ఎంచుకోవాలి? "చైనా నాగరికతలో సౌందర్య దృష్టి" లాంటి పెద్ద పెద్ద శీర్షికలు మొదట్లో వద్దు. ఒక వస్తువు, ఒక సమాధి, ఒక ఊరు, ఒక బట్టీ పేరు శీర్షికలో ఉన్న ఉపన్యాసానికి వెళ్ళండి. వెళ్ళే ముందు అడ్రసు రెండుసార్లు చూసుకోండి. ఒకసారి నేను ఒక సంస్థ పాత భవనానికి వెళ్ళి, అక్కడి నుంచి వర్షంలో కొత్త భవనం వెతుక్కుంటూ వెళ్ళేసరికి సగం అయిపోయింది, ఈమెయిల్లో వాళ్ళు పాత అడ్రసే ఉంచారు.

వినేటప్పుడు అంతా రాసుకోవద్దు. మూడే రాయండి: ఒక వస్తువు పేరు, ఒక మనిషి పేరు, మీకు అర్థం కాని ఒక మాట. పేర్లు చెవికి ఎలా వినిపిస్తే అలా తెలుగులో రాసుకోండి, తర్వాత స్లైడ్ చూసి ఇంగ్లీషు స్పెల్లింగ్ పక్కన చేర్చుకోండి. చివర్లో ప్రశ్నలు అడగమన్నప్పుడు మనవాళ్ళు సాధారణంగా నోరు విప్పరు, మన ఇంగ్లీషు గురించో, తెలివితక్కువ ప్రశ్న అవుతుందేమోననో. ఎప్పుడైనా పనికొచ్చే ప్రశ్న ఒకటి ఇస్తాను: "ఇలాంటిది లండన్‌లో ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?" ఈ ప్రశ్నకి విసుక్కున్న వక్తని నేను ఇంతవరకు చూడలేదు. ఒకాయన జేబులోంచి పెన్ను తీసి నా నోట్‌బుక్‌లోనే గది నంబరు రాసిచ్చారు. ఆ తర్వాత వారం తిరగకుండా ఆ వస్తువు దగ్గరికి వెళ్ళండి. ఆలస్యం చేస్తే విన్నది ఆరిపోతుంది.

కాస్త అలవాటయ్యాక

సౌత్ కెన్సింగ్టన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌కి వెళ్ళండి, అది శుక్రవారాల్లో రాత్రి పది దాకా. చైనా గ్యాలరీ 44వ గది. అక్కడ ఎర్ర లక్కతో చెక్కిన ఒక బల్ల ఉంది, మింగ్ చక్రవర్తి షువాన్‌దె కాలంలో, 1426 నుంచి 1435 మధ్య, రాజభవనం కార్ఖానాలో చేసినది. ఏటికొప్పాక బొమ్మల లక్క మనకి తెలుసు, అది పురుగు నుంచి వచ్చేది. చైనా లక్క చెట్టు పాలు. ఇంగిలీకం కలిపి ఎర్రగా చేసి, పలచటి పొర పూసి, అది ఆరాక ఇంకో పొర, ఇలా పదుల కొద్దీ పొరలు పూసి మందం వచ్చాకే చెక్కడం మొదలుపెడతారు. దాని మీద డ్రాగన్ల కాళ్ళు వంగి చూడండి. అయిదు గోళ్ళ డ్రాగన్ చక్రవర్తి గుర్తు. ఈ బల్ల మీద అయిదో గోరు చెక్కి తీసేసి ఉంటుంది, రాజభవనం దాటి బయటికొచ్చినప్పుడు తీసేసి ఉంటారంటారు.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. మే, నవంబర్ నెలల్లో లండన్ వేలం సంస్థలు ఆసియా కళాఖండాల వేలాలు పెడతాయి. వేలానికి ముందు కొన్ని రోజులు న్యూ బాండ్ స్ట్రీట్‌లో బోన్‌హామ్స్, సదబీస్, కింగ్ స్ట్రీట్‌లో క్రిస్టీస్ వాటిని చూడడానికి పెడతాయి. ఉచితం, కొనాల్సిన పనిలేదు, సూటు వేసుకోనక్కర్లేదు. మర్యాదగా అడిగితే బీరువా తీసి చేతికి ఇస్తారు. మ్యూజియంలో ఎన్నేళ్ళు తిరిగినా దొరకనిది ఇదే, బరువు. ఉంగరాలు, గాజులు, వాచీ ముందే తీసి బ్యాగులో వేసుకోండి. చెవులు, పిడులు, మూత పట్టుకుని ఎత్తకండి. రెండు చేతులతో, బల్లకి ఆనుకున్నంత కిందగా పట్టుకోండి. తిప్పి అడుగు చూడండి. గ్లేజ్ లేని వలయం దగ్గర అసలు మట్టి కనిపిస్తుంది, వేలితో తాకి చూడండి, ఎంత మెత్తగా ఉందో, ఇసుక ఎంత తగులుతుందో. నీలిరంగు అక్షరాలు ఆరు ఉంటే అది సాధారణంగా రాజవంశం, చక్రవర్తి పేరు, "కాలంలో చేసినది" అన్న మాట. చింగ్ కాలం కుమ్మరులు మింగ్ చక్రవర్తుల పేర్లు కూడా రాసేవారు, కాబట్టి ముద్ర చూసి వయసు తేల్చేయకండి, పక్కనున్న సిబ్బందిని అడగండి.

సెలవులకి హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఈ నోట్‌బుక్ పెట్టెలో వేసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియం తూర్పు బ్లాక్‌లో చైనా, జపాన్ వస్తువులు ఉన్నాయి, చిన్నప్పుడు గడియారం పన్నెండు కొట్టే టైంకి పరిగెడుతూ మనం దాటేసిన గదులే అవి. పోయినసారి అమ్మని తీసుకెళ్ళి ఒక నీలం తెలుపు పాత్ర ముందు నిలబెట్టి, గీత గాజు కింద ఎలా ఉండిపోయిందో చూపించాను. అమ్మ కాసేపు చూసి, దీని అడుగున ఎవరి పేరైనా రాసి ఉందా అని అడిగింది. గాజుపెట్టె కింద పలక వైపు ఇద్దరం వంగి చూశాం, కనిపించలేదు. అలాంటప్పుడు పెట్టెలో ఆ వస్తువుకి వేసిన నంబరు రాసుకుని అక్కడి గ్యాలరీ ఉద్యోగిని అడగండి, కొన్నిసార్లు రిజిస్టర్‌లో ఆ వివరం ఉంటుంది.